“నీకెట్లా తెలిసింది?”: కేసు రిపోర్టులో విశ్లేషణ రాయడం నేర్చుకోవాలంటే

మీరు ఈ మధ్య రాసిన కేసు రిపోర్టు ఒకటి ముందు పెట్టుకోండి. సీడబ్ల్యూసీకి (జిల్లా బాలల సంక్షేమ కమిటీ) పంపిన సోషల్ ఇన్వెస్టిగేషన్ రిపోర్టైనా, మామూలు హోమ్ విజిట్ రిపోర్టైనా, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) ఫీల్డ్‌వర్క్ రికార్డైనా పర్వాలేదు. మూడు రంగుల పెన్నులు తీసుకోండి. మీ కళ్లతో చూసినదాని కింద నీలం గీత, ఎవరో చెప్తే విన్నదాని కింద ఆకుపచ్చ గీత, మీకు మీరుగా అనుకుని రాసినదాని కింద ఎర్ర గీత. ఒక్క వాక్యం కూడా వదలొద్దు.

ఫీల్డ్‌వర్క్‌కి వచ్చే విద్యార్థులందరితో మొదటి వారంలోనే నేను ఈ పని చేయిస్తాను. చాలామంది పేజీలో నీలం ఎక్కడో ఒకటి రెండు చోట్ల కనిపిస్తుంది. మిగతాదంతా ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి ఉంటుంది, ఏది ఏదో రాసినవాళ్లకే తేలదు. దీనికి ఒక కారణం మన రిపోర్టు భాషలోనే ఉంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మనం చాలా జాగ్రత్తగా ఉంటాం. “వాళ్ల నాన్న తాగుతాడట” అంటాం. ఆ చివరి “అట” ఒక్కటే చెప్పేస్తుంది, ఇది నేను చూసింది కాదు, విన్నది అని. అదే మనిషి రిపోర్టు రాయడానికి కూర్చోగానే “తండ్రి మద్యానికి బానిస” అని రాసేస్తాడు. “అట” ఎగిరిపోయింది. లేదంటే “తండ్రి మద్యం సేవిస్తాడని తెలిసింది” అని రాస్తాడు. ఎవరి ద్వారా తెలిసింది? చెప్పినవాళ్లు ఎవరు, వాళ్లకి ఈ కుటుంబంతో ఏం సంబంధం, అలా చెప్పడం వల్ల వాళ్లకేమైనా లాభముందా? “తెలిసింది” అన్న ఆ ఒక్క మాట కింద ఇవన్నీ కప్పబడిపోతాయి. అందుకే నా దగ్గర పనిచేసేవాళ్లకి మొదటి ఆరు నెలలు ఆ మాట వాడొద్దని చెప్తాను. “ఎదురింటి ఆమె చెప్పారు”, “హెడ్‌మాస్టర్ రిజిస్టర్ చూపించారు”, “నేను చూశాను” అని రాయాలి. ఇంత చిన్న మార్పుతోనే సగం ఆలోచన మొదలవుతుంది.

క్రిటికల్ అనాలిసిస్ అంటే తప్పులు పట్టడమనో, పెద్ద పెద్ద థియరీల పేర్లు రాయడమనో చాలామంది అనుకుంటారు. ఫీల్డులో దాని అర్థం చాలా మామూలుది. నాకు ఇది ఎట్లా తెలిసింది, ఇంకేమైనా అయ్యుండొచ్చా, అయితే ఈ బిడ్డకి ఇప్పుడు ఏం చేయాలి, ఈ మూడు ప్రశ్నలూ ప్రతి కేసులో, అలసిపోయి ఉన్న రోజు కూడా, వేసుకోవడం.

ఒక కేసుతో చెప్తాను. ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

గద్వాల వైపు, సెప్టెంబరు

జోగులాంబ గద్వాల జిల్లాలో సీడు పత్తి గురించి ఆ వైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారవ్వాలంటే ప్రతి పువ్వునీ చేత్తో క్రాసింగ్ చేయాలి. సాయంత్రం ఆడ వరసల్లో మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని ఏరి, బొటనవేలి గోరుతో లోపలి కేసరాలు ఒలిచేయాలి. పొద్దున్నే మగ పువ్వులు కోసుకొచ్చి వాటి పుప్పొడి అద్దాలి. వర్షాకాలంలో పూత మొదలైన దగ్గర్నుంచి రెండు మూడు నెలల పాటు రోజూ ఇదే పని, ఒక్క రోజు ఆపినా ఆ రోజు పూత పోయినట్టే. కంపెనీకీ రైతుకీ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు, రైతుకీ కూలీకీ మధ్య అడ్వాన్సు ఉంటుంది. ఈ పనిలో ఆడపిల్లలు ఎక్కువగా కనిపించడం దశాబ్దాలుగా ఉన్న సమస్య.

అలాంటి ఒక చేలో తనిఖీకి వెళ్లిన టీమ్‌కి పదమూడేళ్ల అమ్మాయి దొరికింది. ఎనిమిదో తరగతి. చట్టం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లోపు సీడబ్ల్యూసీ ముందు హాజరుపరిచారు. హోమ్ విజిట్ చేసి రిపోర్టు ఇవ్వమని మా జూనియర్‌కి చెప్పారు. మంచి మనసున్న అమ్మాయి, కష్టపడుతుంది. మొదటి డ్రాఫ్టులో అసలు విషయమంతా నాలుగు వాక్యాల్లో వచ్చేసింది: “కుటుంబం కడు పేదరికంలో ఉంది. తండ్రి మద్యానికి బానిస అని తెలిసింది. తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు. బాలిక భద్రత దృష్ట్యా బాలసదనంలో ఉంచవలసిందిగా సిఫారసు చేయడమైనది.” (బాలసదనం అంటే ప్రభుత్వం నడిపే పిల్లల హోమ్.)

పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. “పేదరికం అని రాశావు, ఏం చూశావమ్మా?” రేకుల ఇల్లు, మేడం. “మద్యం సంగతి ఎవరు చెప్పారు?” చేను రైతు చెప్పాడు, మేడం. ఆయన చేలోనే కదా పాప దొరికింది? అక్కడ ఆమె ఆగిపోయింది. తన మీద కేసు వచ్చేలా ఉన్న మనిషి, తప్పంతా పిల్ల తండ్రి తాగుడు మీదికి నెట్టాడు, మనం దాన్ని అలాగే ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కించాం. ఆయన అబద్ధమే చెప్పాడని నేననడం లేదు. నిజంగానే ఆ తండ్రి తాగుతాడు, తర్వాత తేలింది. కానీ ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో రాయకపోతే దానికి ఎంత బరువివ్వాలో కమిటీ సభ్యులకు ఎలా తెలుస్తుంది?

“సరే, చదువు విలువ తెలియదని ఎట్లా అనిపించింది?” పాపను పనికి పంపారు కదా, మేడం. “ఇంట్లో బడికి సంబంధించింది ఏమైనా కనిపించిందా?” కాసేపు ఆలోచించి చెప్పింది. గోడకి మేకుకి స్కూలు బ్యాగు తగిలించి ఉంది. రేకుల్లోంచి కారే నీళ్లు పడకుండా దానిమీద ఎరువుల సంచి లోపల వచ్చే తెల్ల పాలిథిన్ కవరు తొడిగి, మూతి తాడుతో కట్టి ఉంది. తీసి చూస్తే పుస్తకాలన్నిటికీ న్యూస్‌పేపరు అట్టలు. కవరు తొడిగింది ఎవరంటే, అమ్మ.

ఇది డ్రాఫ్టులో లేదు. ఎందుకు లేదంటే, అప్పటికే ఆమె మనసులో కథ ఒకటి తయారైపోయింది, ఆ కథలో ఈ బ్యాగుకి చోటు లేదు. విశ్లేషణలో అన్నిటికన్నా కష్టమైన పని ఇదేనని నా నమ్మకం: మన కథకి ఇమడని వస్తువుని వెతికి మరీ రాయడం. విజిట్ అయ్యాక “నా అభిప్రాయానికి ఎదురెళ్లే విషయం ఇవాళ ఏం చూశాను?” అని నోటుబుక్కులో ఒక లైను తప్పనిసరిగా రాసుకోండి. ఏమీ లేదని అనిపిస్తే సరిగ్గా చూడలేదనే అనుకోండి.

ఒక కారణం దొరగ్గానే ఆగకండి

తర్వాత ఇద్దరం కలిసి కాగితం మీద కారణాలు రాశాం. తండ్రి తాగుడు వల్ల కావచ్చు. అడ్వాన్సు తీసుకుని ఉండొచ్చు. ఏడో తరగతి దాటి హైస్కూలుకి మారాక బడి దూరమై మానేసి ఉండొచ్చు. ఇంట్లో ఎవరికో బాగోలేక ఉండొచ్చు. ప్రతి దాని పక్కనా ఒకటే రాశాం: ఇదే నిజమైతే మనకి ఇంకేం కనిపించాలి? ఏం కనిపిస్తే ఇది కొట్టుకుపోతుంది?

ఇది ఊరికే కూర్చుని చేసే కసరత్తు కాదు, మళ్లీ వెళ్లినప్పుడు ఏం అడగాలో దీన్ని బట్టే తేలుతుంది. మొదట బడికి వెళ్లమన్నాను, హాజరు రిజిస్టరు కోసం. మన పనిలో హాజరు రిజిస్టరు అంత నిజాయితీ గల సాక్షి తక్కువ. గడిచిన రెండేళ్లది తిరగేస్తే, జూన్, జూలై దాదాపు పూర్తి హాజరు. ఆగస్టు రెండో వారం నుంచి అక్టోబరు చివరి వరకు వరసగా ఆబ్సెంట్లు. నవంబరు నుంచి మళ్లీ రోజూ వచ్చింది. అంతకు ముందు ఏడాది కూడా అచ్చం ఇంతే.

ఇప్పుడు ఆలోచించండి. తాగుడు ఏడాది పొడుగునా ఉంది. చదువు విలువ తెలియకపోవడం అనేది, నిజంగా ఉంటే, అదీ ఏడాది పొడుగునా ఉండాలి. బడి దూరం జూన్‌లోనూ అంతే, నవంబరులోనూ అంతే. ఏడాదంతా ఉండే కారణం ఒక్కటే మూడు నెలల గైర్హాజరుని వివరించలేదు. క్రాసింగ్ సీజన్‌తో ముడిపడిన కారణం ఏదో ఉండాలి. రెండోసారి వెళ్లినప్పుడు ఆ అమ్మాయి తల్లి చెప్పింది, ఇంటి ముందు అరుగు మీద కాదు, అక్కడ మగవాళ్లున్నారు, వెనక దొడ్లో గిన్నెలు తోముతూ చెప్పింది. తన ఆపరేషన్‌కి అడ్వాన్సు తీసుకున్నారు. సీజన్‌లో ఇంటి నుంచి ఇద్దరు పనికి రావాలని మాట. ఆపరేషన్ అయ్యాక తను వంగి పూలు ఒలవలేకపోతోంది. ఆ రెండో మనిషి పదమూడేళ్ల కూతురు.

చూశారా, సమస్య పేరు మారిపోయింది. “బాధ్యత లేని తల్లిదండ్రులు” అనుకుంటే పిల్లని బాలసదనంలో పెడతాం. “అడ్వాన్సుకి కట్టుబడిన ఇల్లు, పనికి లేవలేని తల్లి” అనుకుంటే చేయాల్సిన పని పూర్తిగా వేరు. అడ్వాన్సు అనే మాట వినగానే 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వర్తిస్తుందా అని చూడాలి, ఎందుకంటే ఆ చట్టం కిందికి వస్తే ఆ అప్పు తీర్చాల్సిన బాధ్యతే రద్దవుతుంది. డ్రాఫ్టులో రాసిన నాలుగు వాక్యాలతో ఈ ప్రశ్న ఎవరికీ తట్టేది కాదు.

చట్టాన్ని కూడా ఇలాగే ప్రశ్నిస్తూ చదవాలి. ఆ రైతు “వాళ్లు మాకు వరసవుతారు, ఇంటి పనే” అన్నాడు. బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదంటూనే, హానికరం కాని పనుల్లో కుటుంబానికి సాయం చేయొచ్చని ఒక మినహాయింపు ఇచ్చింది. కుటుంబం అంటే ఎవరో అందులోనే ఉంది: తల్లి, తండ్రి, తోబుట్టువులు, తల్లిదండ్రుల తోబుట్టువులు. ఊళ్లో వరసలు కలుపుకుని పిలుచుకోవడం వేరు, ఇది వేరు. పైగా నిజంగా మేనమామ చేనే అయినా, బడి వేళలు అయ్యాకో సెలవుల్లోనో మాత్రమే. రిజిస్టరులో ఆబ్సెంట్లు ఉండగా ఆ వాదన నిలబడదు. సెక్షన్ నంబరు రాస్తే చాలదు, ఆ సెక్షను ఈ బిడ్డ విషయంలో ఏ వాస్తవం మీద నిలబడుతోందో రాయాలి.

“పేదరికం” అని రాసి ఊరుకోవడం

ఈ మాట మీద నాకు బాధ ఎక్కువ, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను. రిపోర్టుల్లో పేదరికం అన్నది అన్ని తాళాలకీ పనికొచ్చే తాళంచెవి అయిపోయింది. పిల్ల పనికి పోతే పేదరికం, పెళ్లి చేస్తే పేదరికం, ఊరొదిలిపోతే పేదరికం. మరి అదే వాడలో, అలాంటి రేకుల ఇంట్లోనే ఉంటున్న పక్కింటి పిల్ల రోజూ బడికి ఎందుకు పోతోంది? ఆ తేడా ఎక్కడుందో వెతకడమే విశ్లేషణ. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చేసిన పని ఈ ప్రశ్న మీదే నిలబడింది. శాంతా సిన్హా గారు, ఆమె సహచరులు బడి బయట ఉన్న ప్రతి బిడ్డనీ బాలకార్మికుల కిందే లెక్కపెట్టారు, పేదవాళ్లు పిల్లల్ని చదివించలేరన్న మాటని ఒప్పుకోలేదు, వేల మంది పేద తల్లిదండ్రులు పిల్లల్ని పని మాన్పించి బడికి పంపడం చూపించారు. అందరూ ఒప్పుకున్న కారణాన్ని కూడా నిలదీయొచ్చని, నిలదీస్తే పని చేసే దారే మారిపోతుందని తెలుసుకోవడానికి మన దగ్గరే ఇంత మంచి ఉదాహరణ ఉంది.

అలాగని పేదరికం లేదని కాదు. ఉంటే దాన్ని వివరంగా రాయండి. రేషన్ కార్డు ఉందా, ఉపాధి హామీ జాబ్ కార్డులో పోయినేడు ఎన్ని రోజుల పని పడింది, డ్వాక్రా లోను వాయిదా ఎంత, బయట వడ్డీ ఎంత, భూమి ఎవరి పేరున ఉంది. ఈ అంకెలు చూస్తే ఏ సాయం అందితే ఈ ఇల్లు నిలబడుతుందో కనిపిస్తుంది. “కడు పేదరికం” అంటే ఏమీ కనిపించదు.

మీరు ఎక్కడ కూర్చున్నారు?

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఒక బాబు కేసు మీద ఊరికి వెళ్తే, బస్టాండు దగ్గరే ఊరి పెద్దాయన ఎదురొచ్చి ఇంటికి తీసుకెళ్లారు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. బాబు వాళ్ల ఇల్లు ఊరి చివర వాడలో ఉంది. “అంత దూరం మీరెందుకు మేడం, పిలిపిస్తాను” అని బాబు తండ్రిని పిలిపించారు. ఆయన వాకిట్లో నిలబడి, నేను కుర్చీలో కూర్చుని, పెద్దాయన మా మధ్యలో. అడిగినవాటికి తలూపాడు, అంతకన్నా ఏం మాట్లాడతాడు? నేను దాన్ని “తండ్రి సహకరించలేదు, బిడ్డ విషయంలో ఆసక్తి చూపలేదు” అని రాశాను. బాబు పిల్లల హోమ్‌కి వెళ్లాడు. ఆ తండ్రి రెండు బస్సులు మారి నెలనెలా కొడుకుని చూడటానికి వస్తున్నాడని నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. ఆ ఎనిమిది నెలలు ఆ బాబుకి ఎవరూ తిరిగివ్వలేరు. ఆ తప్పు నాదే.

అందుకే విజిట్ నోట్సులో ఇవి కూడా రాయండి: ఎవరింట్లో కూర్చున్నాను, మాట్లాడేటప్పుడు ఇంకెవరున్నారు, ఎవరు నిలబడ్డారు, ఎవరి మాట నాకు వినబడలేదు. మన కులం, మన చదువు, మన ఐడీ కార్డు, మనం దిగిన జీపు, ఇవన్నీ మనకన్నా ముందే ఆ ఇంట్లోకి వెళ్తాయి. అవతలివాళ్లు మౌనంగా ఉన్నారంటే ఆసక్తి లేకనో, భయం వల్లనో, అది తేల్చకుండా రాయకండి. బిడ్డతో విడిగా మాట్లాడటం మర్చిపోవద్దు. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, మూడో సెక్షన్ సూత్రాల్లోనే బిడ్డ మాట వినాలని ఉంది. గద్వాల కేసులో ఆ అమ్మాయి మాతో రెండే సంగతులు చెప్పింది, కుడి బొటనవేలి గోరు మొదలంటా చిట్లిపోయి ఉంటే దాన్ని రెండో చేత్తో పట్టుకుని. బడికి పోతానంది. అమ్మని ఒక్కదాన్నే చేనుకి పంపనంది. సిఫారసు ఏదైనా ఈ రెండిటికీ జవాబు చెప్పాలి.

మొదటి పేరు వదలదు

లండన్‌లో ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబియే 2000 ఫిబ్రవరిలో చనిపోయింది, తనని పెంచుతానని తీసుకెళ్లిన బంధువు, ఆమెతో ఉంటున్న మనిషి పెట్టిన హింస వల్ల. ఆ మరణం మీద లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో వచ్చింది. చనిపోవడానికి ముందు ఏడాదే ఆ పాపని దెబ్బలతో ఆసుపత్రికి తెస్తే, ఒక సీనియర్ డాక్టరు చర్మం మీది గుర్తులు గజ్జి వల్ల అన్నారు. ఆ మాటతో దర్యాప్తు చల్లబడింది, పాప మళ్లీ అదే ఇంటికి వెళ్లింది. అంత పెద్ద డాక్టరు చెప్పాక మళ్లీ చూడటం ఎందుకని అనిపించడం సహజం, అందుకే ఇది ప్రమాదం. మీ దగ్గరికి కేసు వచ్చేటప్పటికే దాని మీద ఎవరో ఒక పేరు రాసి పంపుతారు: “పారిపోయిన కేసు”, “లవ్ అఫైర్”, “తల్లి మెంటల్”. ఫైలు మీద ఉన్న ఆ పేరుని కూడా ఆకుపచ్చ గీతలోనే లెక్కించండి, అది రాసింది డీఎస్పీ అయినా, డాక్టరైనా, నేనైనా.

సిఫారసు దగ్గరికి వచ్చాక

సోషల్ ఇన్వెస్టిగేషన్‌కి చట్టం ఇచ్చింది పదిహేను రోజులు. బిడ్డని మొదట హాజరుపరిచిన నాలుగు నెలల్లోపు కమిటీ తుది ఆర్డరు ఇవ్వాలి. అన్నీ తేలే వరకు ఆగడం కుదరదు, కాబట్టి తేలనివి తేలలేదనే రాయండి. “అడ్వాన్సు మొత్తం ఎంతో తల్లి ఒకటి, తండ్రి ఒకటి చెప్పారు, కాగితం ఏదీ చూపలేదు” అని రాస్తే మీ రిపోర్టు బలహీనపడదు, దాన్ని బట్టి కమిటీ ఇంకెవర్ని పిలవాలో చూసుకుంటుంది.

ఒకే సిఫారసు రాసి ఊరుకోకండి. ఉన్న దారులన్నీ రాసి, ఒక్కోదాంట్లో బిడ్డకి ఏం వస్తుంది, ఏం పోతుంది అని రాయండి. బాలసదనంలో పెడితే ఈ సీజను పని ఆగుతుంది, కానీ తల్లికి దూరమవుతుంది, అడ్వాన్సు అలాగే ఉంటుంది, వచ్చే ఏడు చెల్లెలు చేనుకి పోతుంది. సంస్థలో పెట్టడం చివరి మార్గంగానే ఉండాలని చట్టమే అంటోంది. కేజీబీవీలో (ఆడపిల్లల రెసిడెన్షియల్ బడి, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయ) చేర్చితే చదువు, హాస్టలు రెండూ ఉంటాయి, మరి ఆ అమ్మాయి అమ్మని వదిలి ఉంటానంటుందా? ఇంటికి పంపి, పిల్లల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌కి రాస్తే నెలకి 4,000 రూపాయలు, పల్లెల్లో అయితే కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. మరి మంజూరు ఎప్పటికి వస్తుందో డీసీపీయూలో (జిల్లా బాలల పరిరక్షణ విభాగం) అడిగారా, వచ్చే ఆగస్టులోపు చేతికి రాకపోతే ఆ నెలలు ఎవరు చూస్తారు? ఇలా ఒక్కో దారిలో చివరి వరకు నడిచి చూస్తేనే ఏది గట్టిదో తెలుస్తుంది.

ఆ కేసులో మేం తల్లిదండ్రులకే అప్పగించమని రాశాం, స్పాన్సర్‌షిప్, అడ్వాన్సు మీద విడిగా విచారణ, తల్లికి మళ్లీ వైద్యం, హాజరు ప్రతి నెలా మాకు పంపాలని హైస్కూలుకి ఒక లెటరు. ఏ పని ఎవరిది, ఏ తేదీకి అన్నది కూడా రాశాం.

ఇవన్నీ రోజూ ఎక్కడ కుదురుతాయి, ఒక్కొక్కరి మీద అన్నేసి కేసులుంటే, అని అడుగుతారు. నిజమే. అన్నిటికీ కుదరదు. వారానికి ఒక్క కేసుకి చేయండి. విజిట్ నుంచి తిరిగొచ్చే బస్సులోనే పది నిమిషాలు, ఇల్లు చేరాక అయితే సగం మర్చిపోతారు. నెలకి ఒకసారి తోటి వర్కరుతో రిపోర్టులు మార్చుకుని చదవండి, మీ సూపర్‌వైజరు కేవలం టార్గెట్లే అడిగే మనిషైతే ఇది ఇంకా అవసరం. చదివే మనిషి చేయాల్సింది ఒక్కటే, ప్రతి వాక్యం దగ్గరా “నీకెట్లా తెలిసింది?” అని అడగడం. మొదట్లో కోపం వస్తుంది, నాకూ వచ్చేది. రెండు మూడు నెలలకి ఆ ప్రశ్న రాసేటప్పుడే చెవిలో వినిపించడం మొదలవుతుంది.

ఇంకొకటి, పాత రిపోర్టు తీసుకుని మళ్లీ ఆ ఇంటికి వెళ్లండి. మీరు అనుకున్నది నిజమైందో లేదో చూడకపోతే మీ అంచనా ఎంత సరైందో మీకు ఎప్పటికీ తెలియదు. మా జూనియర్ మరుసటి ఏడు సెప్టెంబరులో ఎవరూ అడక్కుండానే ఆ హైస్కూలుకి వెళ్లింది. రిజిస్టరు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. ఆగస్టులో మూడు ఆబ్సెంట్లు, సెప్టెంబరులో అప్పటికి ఒకటి. కింద మెసేజ్: “మేడం, ఆ మూడు రోజులు ఎందుకు రాలేదో రేపు ఇంటికెళ్లి కనుక్కుంటాను.”